వీపుకు చెప్పిన మాట

సోమవారం పొద్దున పదిన్నరకు హాస్యగాడు క్లిఫర్డ్ హేవర్త్ బ్రాక్‌డెన్ హిప్పోడ్రోమ్ నాటకశాల వేదిక మీదికి వచ్చేసరికి నలుగురు ముందే వచ్చి ఉన్నారు. వేదిక అంచున, దీపాల వరస వెంబడి, నాలుగు సంగీతం కాగితాల కట్టలు పెట్టి ఉన్నాయి. ఎవరు ముందొస్తే వాళ్ళ కట్ట ముందు. ఆ వరసలోనే బ్యాండు వాళ్ళు సాధన చేయిస్తారు. ఈ వృత్తిలో దేవుణ్ణి కాదన్నవాళ్ళు ఉన్నారు గానీ ఆ వరసను కాదన్నవాళ్ళు లేరు. పోస్టరు మీద మూరెడు అక్షరాల్లో పేరున్న గాయకుడైనా సరే, కుక్కల్ని ఆడించేవాడు ముందొస్తే వాడి తరవాతే నిలబడాలి. క్లిఫర్డ్ తన కట్టను ఐదోదిగా పెట్టాడు. కోటు విప్పి కుర్చీ మీద వేసి వెనక్కి తిరిగేసరికి అది మొదటి చోట ఉంది.

ఎవరు జరిపారో తెలియదు. కుక్కలాయన వంగి ఒక కుక్క చెవిలో ఏదో వెతుకుతున్నాడు. సైకిళ్ళ మీద విన్యాసాలు చేసే అక్కచెల్లెళ్ళు పైకప్పు వంక చూస్తున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతనికి ఎవరూ ఇవ్వని మర్యాద అది. కోపమైతే ఎదుర్కోవచ్చు. తాగుబోతుల కేకలైతే వాటితోనే రెండు నిమిషాలు గడపవచ్చు. జాలికి మాత్రం మందు లేదు. జాలిపడేవాడు నవ్వడు, నవ్వితే తనను తను క్షమించుకోలేడు.

బ్యాండు నడిపే ఇంగమ్ చేతికి నల్ల రిబ్బను ఉంది.

"ఏంటయ్యా అది?" అన్నాడు క్లిఫర్డ్.

"గార్‌సైడ్ గారు కట్టించారు. పన్నెండుమందికీ. డ్రమ్ము వాడు జారిపోతుందని గోల పెడితే పిన్నీసు గుచ్చాం."

"నేను రాగానే ఏం వాయిస్తారు?"

"నీ పాత గంతుల ట్యూనేలే. కాకపోతే కొంచెం... నిదానంగా."

"ఎంత నిదానంగా?"

ఇంగమ్ వయొలిన్ ఎత్తి నాలుగు ముక్కలు వాయించాడు.

"శవం కూడా ఇంతకంటే తొందరగా పోతుందయ్యా" అన్నాడు క్లిఫర్డ్.

ఎవరూ నవ్వలేదు. ఇంగమ్ తల దించుకున్నాడు. సైకిలు పిల్లల్లో చిన్నది ముక్కు తుడుచుకుంది. నెల కిందటైతే ఆ మాటకు వయొలిన్లు పక్కన పెట్టి నవ్వేవాళ్ళు. మాట అదే, గొంతు అదే, విరుపు అదే. మూడు వారాల కిందట అతని భార్య ఎల్సీ చనిపోయింది, అంతే తేడా.

మేనేజరు గార్‌సైడ్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. మంచి మనిషి. మంచివాళ్ళు చేసే నష్టానికి ఎవరి మీదా దావా వేయలేం.

"హేవర్త్ గారూ, మీరు ఒప్పుకుని రావడమే గొప్ప. ఇదిగో, చూడండి."

ఈ వారం కార్యక్రమాల పట్టిక అది. ఆరో అంకం దగ్గర నల్ల గీతల చట్రంలో ఇలా ఉంది: "మన ఊరి ఆడపడుచు, నేత కార్మికురాలు శ్రీమతి ఎల్సీ హేవర్త్‌ను ఇటీవలే కోల్పోయిన క్లిఫర్డ్ హేవర్త్ గారు, తమ దుఃఖాన్ని దిగమింగి, నేడు మన ముందుకు వస్తున్నారు."

"తీసేయండి గార్‌సైడ్ గారూ. దీన్ని చదివినవాడు నవ్వుతాడా?"

"అచ్చయిపోయాయి మహాప్రభో! పదిహేను వందలు." ఆయన గొంతు తగ్గించాడు. "నేనొకటి చెబుతా, ఏమీ అనుకోకండి. ఆ తలుపు వద్దు. ఈ ఊళ్ళో, ఈ వారం, భార్య మీద హాస్యం... మీ గొంతు బాగుంటుంది కదా, రెండు భక్తి పాటలు పాడేయండి. జనం లేచి నిలబడతారు."

"లేచి నిలబడి నవ్వరు కదండీ."

"నా మాట వినండి. మొదటి ఆట మీ ఇష్టం. అది నడవకపోతే రెండో ఆట నుంచి పాటలే. సరేనా?"

సరేనన్నాడు. ఇంకేమంటాడు?

అతని దగ్గర ఉన్నది పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాలూ ఒక తలుపే. వేదిక మధ్యలో గోడ లేకుండా తలుపు మాత్రం నిలబెడతారు. దాని వెనక రంగస్థలం మనిషి ఒకడు మూకుడూ గరిటే పట్టుకుని ఉంటాడు. అది లోపలుందనుకోవలసిన పెళ్ళాం కోపం. క్లిఫర్డ్ తలుపు ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, ఆవిడకు వినబడేలా ఒకటి పైకి అంటాడు, జనం వైపు తిరిగి ఇంకొకటి పెదవులతో మాత్రమే అంటాడు. "నీ చేతి వంట తిన్నాక ఇంకెక్కడా తినబుద్ధి కాదు, బంగారం!" అని పైకి. "నమలడానికి పళ్ళు మిగలాలిగా" అని పెదవులతో. మూకుడు మోగుతుంది. దక్షిణాది ఊళ్ళలో జనం అతని ముఖంలోని బెదురు చూసి నవ్వుతారు. నేత ఊళ్ళలో మాటలకే నవ్వుతారు. అక్కడ ప్రతి ఆడదీ పెదవులు చదువుతుంది. ఆరు వందల మరమగ్గాల మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు కాబట్టి పదమూడో ఏట మిల్లుకు పోయిన పిల్ల నెల తిరక్కుండా పెదవిమాట నేర్చుకుంటుంది. మాటను గాలిలోకి వదలకుండా, నోటితో చెక్కి అవతలివాళ్ళ కళ్ళకు అందిస్తుంది.

అతనికి ఆ విద్య నేర్పింది ఎల్సీ. కొత్తలో గ్యాలరీలో కూర్చుని ఆట అయ్యాక సందులో నిలబెట్టి తిట్టేది: "ఆ మాట సగం మింగేశావు. పైనున్న వాళ్ళకు నీ పెళ్ళాం ఏం చేసిందో తెలియక చచ్చారు." తరవాత మగ్గాలు ఆమె చెవులు తినేశాయి. యాభై ఏళ్ళు వచ్చేసరికి పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. ఆ పైన పదకొండేళ్ళు ఆ ఇంట్లో మాటంటే పెదవులే.

ఇక్కడ అతనికి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరికీ చెప్పుకోలేని అలవాటు. ఆమె ముఖం తనవైపు ఉన్నంతసేపూ పెదవులతో మంచిమాటలు: టీ బాగుంది, కోటు కుట్టావా, నువ్వు పడుకో. ఆమె వీపు తిప్పగానే నోరు తెరిచి గట్టిగా, ఉన్నదున్నట్టు. వేదిక మీద చేసేదానికి ఇది తిరగేసిన బొమ్మ అని అతనికి తెలుసు. రాత్రి భోజనాలయ్యాక ఆమె సింకు దగ్గర గిన్నెలు కడిగేది. అతను బల్ల దగ్గర కూర్చుని ఆమె వీపుకు చెప్పుకునేవాడు. వంట గురించి, వాళ్ళక్క గురించి, తనను పోస్టరు ఆఖరి వరసలో వేసిన ఏజెంటు గురించి, మోకాళ్ళ నొప్పి గురించి, ప్లిమత్‌లో ఎవరూ నవ్వని బుధవారం గురించి. వినలేని మనిషితో మాట్లాడటంలో ఒక వింత సుఖం ఉంది. గుడిలో మొక్కుకునేవాడికి కూడా అంత ధైర్యం ఉండదు. దేవుడు వింటాడేమోనన్న అనుమానం ఉంటుంది కదా.

రెండేళ్ళ కిందట జనవరిలో ఒకరోజు, మూడు వారాలు పని లేక ఇంట్లో ఉన్నప్పుడు, ఆ వీపుతో ఒక మాట అన్నాడు. "నువ్వు నాకంటే ముందు పోతే బాగుణ్ణు ఎల్సీ. ఒక్క ఏడాదైనా ఈ ఇంట్లో నా గొంతు నాకు వినబడుతుంది."

ఆమె గిన్నె కడగడం ఆపలేదు. ఆపలేదనే అతని జ్ఞాపకం. కానీ ఈ మూడు వారాలుగా ఆ జ్ఞాపకం రోజుకో రకంగా మారుతోంది. ఒక రోజు ఆమె చెయ్యి క్షణం ఆగినట్టు, ఒక రోజు భుజం కదిలినట్టు. అంత్యక్రియలనాడు బెంచీల మీద జనాన్ని చూసి, నిండు సభ, ఒక్క సీటూ ఖాళీ లేదు అని లెక్కపెట్టుకున్న మనసే, పక్కనే ఆ మాటను కూడా తిప్పి తిప్పి చూసింది. అతను అడిగినట్టే పోయింది. ముందు పోయింది. ఇప్పుడు ఆ తలుపు ముందు నిలబడి పెదవులతో ఒక్క చెడ్డమాట అనాలంటే, ఆ జనవరి మాట ఆమెకు తెలియదని అతనికి రూఢిగా తెలియాలి. లేకపోతే నోరు కదలదు. గార్‌సైడ్ అనుకునే కారణం వేరు, ఇది వేరు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చున్నాడు. వెనక తలుపు తోసుకుని హానా గ్రిమ్‌షా వచ్చింది, చేతిలో గుడ్డ కప్పిన గిన్నెతో. మిల్లులో ఎల్సీ పక్క మగ్గం ఆమెది, ముప్ఫై ఏళ్ళు. ఎత్తైన మనిషి, మాట పెద్దది. వినికిడి ఒక చెవికి కాస్త మిగిలింది.

"మాంసం, బంగాళాదుంప కూరిన రొట్టె. తిను. చిక్కి చీపురుపుల్లయ్యావు."

"ఆకలి లేదు హానా."

"ఆకలి ఉందా అని నేనడిగానా? తినమన్నాను." సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, రెండు పళ్ళేలు కడిగింది. "సాయంత్రం మేమంతా వస్తున్నాం. మా గురువారం టీ గుంపు ఆరుగురమూ. ముందు వరసే కొన్నాం. నువ్వు ఏడిపిస్తే మాత్రం ఊరుకోం, మా దగ్గర ఒకే చేతిరుమాలుంది."

"భక్తి పాటలు పాడమంటున్నాడు మేనేజరు."

"పాడితే లేచి పోతాం. మా ఎల్సీకి నీ పాట వినబడకపోవడం ఒక్కటే చెవుడు చేసిన మేలు." అని హానా తన మాటకు తనే నవ్వుకుని, అతని ముఖం చూసి ఆగింది. "ఏమైందిరా నీకు?"

క్లిఫర్డ్ ఫోర్కుతో రొట్టె అంచును పొడుస్తూ ఉన్నాడు. "దీంట్లో మాంసం ఎక్కడో ఉందని నమ్మి తినాలి. దేవుణ్ణి నమ్మినట్టు" అన్నాడు, అలవాటు కొద్దీ, లోగొంతుకతో.

హానా కళ్ళు అతని పెదవుల మీదే ఉన్నాయి. ముఖమంతా వెలిగిపోయింది. "అదే! అచ్చం అదే! అది కూడా చెప్పింది మాకు!"

"ఏది?"

"దేవుడూ మాంసమూ! ఎల్సీ చెప్పిందిగా. మా మేరియన్‌కు టీ ముక్కులోకి పోయింది ఆ రోజు."

అతనికి మొదట అర్థం కాలేదు. ఆ మాట జనం ముందు ఎప్పుడూ అనలేదు. అది ఇంటి మాట. వీపు మాట.

"ఆమెకు ఎలా తెలుసు?" అన్నాడు.

"ఎలా తెలియడమేంటి?" హానా సబ్బు చేత్తోనే సింకు ముందున్న కిటికీని చూపించింది. "ఇదిగో. బయట చీకటి పడితే, లోపల దీపం ఉంటే, ఇది అద్దమేగా. నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చుంటే నీ మూతి ఇక్కడ, ఇంత పెద్దగా కనబడుతుంది. నువ్వు రోజూ ముఖానికి రంగు పూసుకునేది అద్దం ముందే కదా. ఆ మాత్రం తట్టలేదూ? ఆమె ఆ ఒక్క పళ్ళేన్నే అరగంట కడిగేదట, నీ మాట అయ్యేదాకా."

క్లిఫర్డ్ కిటికీ వంక చూశాడు. పట్టపగలు. దాంట్లో పెరడు, బొగ్గుల కొట్టు, పక్కింటి తాడు మీద దుప్పటి తప్ప ఏమీ లేవు. పదకొండేళ్ళు.

"గురువారం గురువారం మా ఇంట్లో వేషం కట్టేది" అంది హానా. "నిలబడి భుజాలు ఇలా పైకి లాగి, మూతి ఇలా పక్కకు..." ఆమె చేసి చూపించింది. పెద్ద ఒళ్ళు కుదించుకుపోయింది, కింది పెదవి ఎడమకు జారింది, కళ్ళు ఎవరో కొట్టబోతున్నట్టు పైకి లేచాయి. తన ముఖాన్ని ఒకామె ముఖంలో, ఆమె వెనక ఇంకొకామె ముఖంలో చూస్తున్నట్టుంది క్లిఫర్డ్‌కు. వేదిక మీద తను చేసేది ఇంత బాగా ఉండదు అనిపించింది. "ఆ మోకాళ్ళ గొడవ చెప్పింది. ఏజెంటును గోనెసంచిలో కట్టి కాలవలో వేసేది చెప్పింది. మీ వదినగారొస్తే పెరట్లో దొడ్లో కూర్చుని సోమవారం దాకా రానన్నావుట, అది చెప్పింది..."

"దేనికి ఎక్కువ నవ్వారు?"

నోట్లోంచి వచ్చేశాక సిగ్గేసింది అతనికి. ఇల్లాలు పోయి ఇరవై రోజులు, అడిగింది ఇదీ. కానీ హానాకు అది వింతగా తోచలేదు. పాతికేళ్ళుగా ఆమె ఆ వృత్తిని పక్కింటి నుంచి చూస్తూనే ఉంది.

"దొడ్డి మాటకు. పొర్లి పొర్లి నవ్వాం."

"దేవుడూ మాంసమూ దానికంటే బాగుంటుంది."

"నీకు బాగుంటుంది. మాకు దొడ్డే బాగుంది."

అతను ఫోర్కు కింద పెట్టాడు. గౌరవం పోయినట్టుంది, దోపిడీ జరిగినట్టుంది, అయినా గుండెల మీద నుంచి ఏదో రాయి పక్కకు దొర్లినట్టూ ఉంది. తన మంచి సరుకంతా, ముప్ఫై ఏళ్ళ వృత్తిలో వేదికకు దక్కనిదంతా, ఈ వంటింట్లో ఒక వీపు కోసం ఖర్చు పెట్టాడు. ఆ వీపు దాన్ని వృథా పోనివ్వలేదు. ఆమెకు ఆరుగురి సభ ఉండేది, వారానికో ఆట.

వెంటనే, రాయి దొర్లిన చోటే, జనవరి మాట పైకి లేచింది. ఆమె అన్నీ చూసిందంటే దాన్నీ చూసింది.

"ఇంకా ఏమైనా చెప్పిందా?" అన్నాడు పళ్ళెం వంక చూస్తూ. "రెండేళ్ళ కిందట... జనవరిలో..."

"ఏది ఏ నెలలో చెప్పిందో నేను పుస్తకంలో రాసిపెట్టానా?"

"నవ్వొచ్చేవి కాకుండా. వేరేవి."

హానా కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా తుడిచింది. ఆమె పెదవులు మూసుకుని ఉన్నాయి, గట్టిగా, మూలల్లో తెల్లబడేంత గట్టిగా. మిల్లు మనిషి అలా పెదవులు బిగిస్తే అది అరవడమే అని అతనికి తెలుసు. ఎల్సీయే చెప్పింది ఒకప్పుడు.

"రొట్టె చల్లారిపోతోంది" అంది హానా. గిన్నె మీది గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మొదటి ఆట ఆరుంపావుకు. ఏడింటికి అతని వంతు అంకె, ఆరు, వేదిక పక్కన చట్రంలో వెలిగింది. ఆ అంకె కనబడగానే సభలో చప్పట్లు మొదలయ్యాయి. మామూలు చప్పట్లు కావు. మెత్తగా, ఒత్తుగా, చేతి తొడుగులతో కొట్టినట్టు. ఇంగమ్ ట్యూను ఎత్తుకున్నాడు, పొద్దుటికంటే నిదానంగా. క్లిఫర్డ్ టోపీ చేత్తో పట్టుకుని నడిచి వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. చప్పట్లు ఆగలేదు. ఆపమని చెయ్యెత్తితే ఇంకా పెరిగాయి. గ్యాలరీలో ఎవరో ముసలాయన "దేవుడు చల్లగా చూస్తాడు, నాయనా!" అని అరిచాడు.

అతను మొదలుపెట్టాడు. "వచ్చేశాను, బంగారం! పది నిమిషాలే ఆలస్యం!" అని తలుపుతో పైకి అన్నాడు. జనం వైపు తిరిగి పెదవులతో: "దాని గడియారంలో అది రెండు రోజులు." ముప్ఫై ఏళ్ళుగా ఆ చోట నవ్వు ఉండేది, మెట్టు ఉన్నట్టు. ఇవాళ కాలు గాలిలో పడింది. తలుపు వెనక రంగస్థలం మనిషి కూడా జాలిపడి మూకుడును మెల్లగా కొట్టాడు. గుళ్ళో గంటలా మోగింది. రెండో వరసలో ఒకామె కళ్ళు ఒత్తుకుంది.

వంట మాట. నిశ్శబ్దం. అత్తగారి మాట. ఎవరో సానుభూతిగా దగ్గారు. అతని ముఖం తన పని తాను చేసుకుపోతోంది: బెదురు, దొంగచూపు, నంగిరి నవ్వు. లోపల ఇంకొకడు, ఎప్పుడూ ఉండేవాడే, చల్లగా గమనిస్తున్నాడు. నాలుగు నిమిషాలయ్యాయి. ఇంక ఎనిమిది. కుడి పక్క తెర వెనక గార్‌సైడ్ నిలబడి ఉన్నాడు, భక్తి పాటల కాగితాలు చేతిలో సిద్ధంగా.

ముందు వరసలో ఆరుగురూ కోట్లు విప్పకుండా కూర్చున్నారు. దీపాల వెలుతురు మొదటి వరస మీద మాత్రమే పడుతుంది. ఆ వెనక అంతా చీకటి, ఊపిరి పీల్చే చీకటి. హానా మధ్యలో ఉంది. ఆమె కూడా నవ్వడం లేదు. మధ్యాహ్నం లాగే పెదవులు బిగించుకుని ఉంది.

అప్పుడతనికి తెలిసింది, ఈ జనం తనను క్షమించడానికి వచ్చారని. దేన్ని క్షమిస్తున్నారో తెలియకుండా. భార్యను ప్రేమించిన మంచి భర్త, దుఃఖంలో తప్పనిసరై ఈ కోతిపని చేస్తున్నాడని. ఆ అబద్ధం కింద ఇంకొక్క నిమిషం నిలబడితే ఊపిరాడదు. నవ్వకపోతే పోయారు. పాటలు పాడితే పాడతాను. ముందు ఇది తేలాలి. ఇది ఎక్కడైనా తేలితే, పెదవులు చదవగలిగే ఈ ఊళ్ళోనే తేలాలి.

తలుపు వైపు తిరిగి పైకి, మామూలు గొంతుతో అన్నాడు: "గిన్నెలు నేను కడగనా, ఎల్సీ?"

ఆ తలుపు వెనకున్న ఆవిడకు ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ పేరు లేదు. సభ అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. రంగస్థలం మనిషి మూకుడు కొట్టడం మరిచిపోయాడు. క్లిఫర్డ్ జనం వైపు తిరిగాడు. ముఖంలో వేషం ఏదీ లేకుండా, ఒక్కో మాటా ఎల్సీ నేర్పినట్టు మింగకుండా, పెదవులతో చెప్పాడు: నువ్వు నాకంటే ముందు పోతే బాగుణ్ణు, ఎల్సీ. ఒక్క ఏడాదైనా ఈ ఇంట్లో నా గొంతు నాకు వినబడుతుంది.

వెయ్యి మంది చదివారు. చదివినట్టు అతనికి తెలిసింది. చీకట్లో ఏదో సర్దుకుంది. కుర్చీ ఒకటి కిర్రుమంది. ఇక అయిపోయింది అనుకున్నాడు. ఒక రకంగా ప్రశాంతంగానే ఉంది.

ముందు వరసలో హానా పక్కామెను చూసింది. పక్కామె ఆ పక్కామెను చూసింది. మధ్యాహ్నం నుంచి బిగించి ఉన్న హానా మూతి మూలల్లో వణికింది. ఏడుపేమో అనుకున్నాడు. కాదు. ఆమె అతని వైపే చూస్తూ, నోరు విశాలంగా తెరిచి, మగ్గాల మోతలో మాట్లాడినట్టు శబ్దం లేకుండా మొదలుపెట్టింది. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి మిగతా ఐదుగురి పెదవులూ కలిశాయి. ఆరు నోళ్ళు, ఒకే మాట, ఒకే విరుపు. ఎవరి విరుపో అతనికి తెలుసు. చివరి మాటకు ముందు ఒక్క క్షణం ఆగడం, అది ఎల్సీది. అతనికీ ఆమే నేర్పింది, అతనికి ఎప్పుడూ పూర్తిగా రాలేదు.

అతను చదివాడు. ఒకసారి చదివి నమ్మలేక, వాళ్ళు రెండోసారి అంటుండగా మళ్ళీ చదివాడు.

వెనకున్నవాళ్ళకు ఆ ఆరుగురి వీపులే కనబడతాయి. వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి. ఇద్దరు కలిసి ఆడే ఆటల్లో, నవ్వు తెప్పించేవాడి మాటను వెనక సీట్ల దాకా అందించడానికి పక్కన నిటారుగా నిలబడేవాడు ఒకడుంటాడు. అతని పేరు ఎవరికీ గుర్తుండదు. క్లిఫర్డ్ ఎప్పుడూ ఆ పని చేయలేదు. ఇప్పుడు టోపీ పెట్టుకుని, నిటారుగా నిలబడి, గ్యాలరీ ఆఖరి వరసకు వినబడేలా పైకి చెప్పాడు.

"ముందు పోవడానికి నాకేం అభ్యంతరం లేదు, అందట మా ఎల్సీ. కానీ ఆయన గొంతు ఆయనకు వినబడిందంటే..." అక్కడ ఆగాడు, ఆమె ఆగినంతసేపు. "...వారం తిరక్కుండా నా వెనకే వచ్చేస్తాడు."

మొదట పైన గ్యాలరీలో ఒక్క గొంతు, దెబ్బ తగిలినట్టు. ఆ తరవాత అంతా ఒక్కసారే కూలింది. సీట్ల చేతులు పట్టుకుని నవ్వారు, పక్కవాళ్ళ భుజాలు కొడుతూ నవ్వారు. బ్యాండులో డ్రమ్ము వాడు నల్ల రిబ్బను కట్టిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. హానా తల వెనక్కి వేలాడేసి పొట్ట పట్టుకుంది. తెర పక్కన గార్‌సైడ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నవ్వు అంచుకు చేరి కిందికి వాలడం మొదలైన క్షణంలో తరవాతి మాట అందుకోవాలి. పూర్తిగా చల్లారనిస్తే మళ్ళీ లేపడం కష్టం. అది అతని ఒంట్లో ఇంకిపోయిన పని; ముప్ఫై ఏళ్ళలో ఏ నవ్వునూ చివరి దాకా పోనిచ్చినవాడు కాడు. ఆ క్షణం వచ్చింది. తరవాతి మాట నాలుక మీదే ఉంది. అతను అనలేదు.

ఆ నవ్వు తనది కాదు. దాన్ని మధ్యలో తుంచే హక్కు తనకు లేదు. తలుపు పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. అది గ్యాలరీలో ఒక చివర తగ్గి ఇంకో చివర లేచి, మెట్ల మీదుగా కిందికి దిగి, ముందు వరసలో కాసేపు ఎగిసి, ఒక్కో మనిషిలో ఒక్కో రకంగా ఆగిపోయే దాకా విన్నాడు. ఆఖరున ఎవరో ఒకామె మిగిలింది. ఆమె కూడా ఆపి ముక్కు చీదుకుంది.